వదలని బాణమే గొప్పది!

విల్లంబులతో వేట మనకు పురాణాల్లోనే మిగిలింది. అమెరికాలో మాత్రం ఇప్పటికీ లక్షల మంది ఏటా ఆకురాలే కాలంలో విల్లు భుజాన వేసుకుని అడవి దారి పడతారు. తుపాకీ ఉండగా బాణమెందుకు? ఎలా వేటాడతారు? ప్రాణాల మీదికి ఎక్కడ వస్తుంది? ఆ సంగతులు తెలుసుకుంటే మన ఇంట్లోని పిల్లలకు విల్లు కొనిచ్చేటప్పుడు కూడా పనికొస్తాయి.

చీకటి రాత్రి. సరయూ నది ఒడ్డు. నీళ్లలో బుడబుడమని చప్పుడు. ఏనుగు నీళ్లు తాగుతోందనుకున్నాడు దశరథుడు. కంటితో చూడలేదు. చెవితోనే గురిచూసి బాణం వదిలాడు. వినిపించింది ఏనుగు ఘీంకారం కాదు, మనిషి ఆర్తనాదం. గుడ్డివాళ్లయిన తల్లిదండ్రుల కోసం కుండ ముంచుతున్న మునికుమారుడిది.

పాండురాజు కూడా అంతే. జింకల జంట కనపడగానే బాణం వేశాడు. అందులో ఒకటి జింక రూపంలో ఉన్న కిందముడనే ముని. ఇక జర అనే వేటగాడు... పొదల చాటున ఏదో కదిలితే జింక అనుకున్నాడు. అది శ్రీకృష్ణుడి పాదం!

ఈ మూడు కథలూ మనకు విధి గురించీ శాపాల గురించీ చెబుతాయి. అమెరికాలో వేటగాళ్లకు పాఠాలు చెప్పే మాస్టార్లకు వినిపిస్తే మాత్రం వాళ్లు ఇంకోమాట అంటారేమో... ‘ముగ్గురూ మొదటి పాఠంలోనే ఫెయిల్’ అని. ఎందుకంటే అక్కడ మొదటిరోజు చెప్పే నియమమే అది. ఎదురుగా ఉన్నది ఏంటో కచ్చితంగా తెలిసేదాకా, దాని వెనక ఏముందో చూసేదాకా బాణం వదలకూడదు. చప్పుడును బట్టి కాదు, కదలికను బట్టి కాదు, రంగును బట్టి కాదు... జంతువు మొత్తం కనిపించాలి. ‘జింక అనుకున్నాను’ అన్న మాట తర్వాత ఎన్నిసార్లు చెప్పినా పోయిన ప్రాణం తిరిగిరాదు.

విల్లుతో వేటాడే విద్యంతా ఒక రకంగా ఈ నియమం చుట్టూనే తిరుగుతుంది. బాణం ఎలా వేయాలో నేర్చుకోవడానికి కొన్ని వారాలు చాలు. ఎప్పుడు వేయకూడదో నేర్చుకోవడానికే ఏళ్లు పడుతుంది.

ఇషి నేర్పిన విద్య

తుపాకులు వచ్చాక విల్లు అటకెక్కింది. అమెరికాలోనూ అంతే. దాన్ని మళ్లీ కిందికి దించిన కథ 1911లో మొదలైంది. ఆ ఏడాది ఆగస్టులో కాలిఫోర్నియాలోని ఒరోవిల్ అనే ఊరి శివార్లలోకి ఆకలితో నకనకలాడుతూ ఓ ఆదివాసీ వచ్చాడు. యాహి తెగవాళ్లంతా పోగా మిగిలిన చివరి మనిషి అతను. పేరు అడిగితే చెప్పలేదు. తన పేరు తాను చెప్పుకోవడం వాళ్ల ఆచారం కాదు. వాళ్ల భాషలో ‘మనిషి’ అని అర్థం వచ్చే ‘ఇషి’ అన్న మాటతోనే పిలిచారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని యూనివర్సిటీ మ్యూజియంలో అతనికి చోటిచ్చారు.

ఆ పక్కనే ఉన్న వైద్యకళాశాలలో సాక్స్‌టన్ పోప్ అనే సర్జన్ ఉండేవాడు. ఇషికి వైద్యం చేస్తూ స్నేహితుడైపోయాడు. విల్లు చెక్కడం, బాణానికి ఈకలు కట్టడం, జింకకు వాసన తగలకుండా దగ్గరికి చేరడం... అన్నీ ఇషి దగ్గరే నేర్చుకున్నాడు. 1916లో క్షయవ్యాధితో ఇషి చనిపోయాడు. తను నేర్చుకున్నదంతా పోప్ 1923లో పుస్తకంగా అచ్చువేశాడు. ఈనాటి అమెరికా విలువేటకు బీజం పడింది అక్కడే. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రం విల్లంబులతో జింకల్ని వేటాడేవాళ్ల కోసం ప్రత్యేకంగా సీజన్ ప్రకటించింది. ఫ్రెడ్ బేర్ అనే ఆయన విల్లుల కంపెనీ పెట్టి, తన వేటల్ని సినిమాలుగా తీసి ఊరూరా చూపించి, ఆ సరదాను దేశమంతా పాకించాడు.

ఇప్పుడు దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ విల్లువేటకు సీజన్ ఉంది. ఎక్కువచోట్ల సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మొదలవుతుంది. వేటాడేది ప్రధానంగా తెల్లతోక జింకల్ని. బెదిరినప్పుడు తోక నిటారుగా లేపుతుంది. దాని అడుగుభాగం తెల్లగా జెండాలా కనిపిస్తుంది. అందుకే ఆ పేరు. ఒకప్పుడు విచ్చలవిడి వేటవల్ల అంతరించే దశకు చేరిన ఈ జింకలు ఇప్పుడు సుమారు మూడు కోట్లు. వాటిని తినే తోడేళ్లు, కొండసింహాలు చాలా ప్రాంతాల్లో లేకుండాపోయాయి. దాంతో తోటలు మేసేస్తాయి, రోడ్లకు అడ్డం పడతాయి. జింకల్ని గుద్దుకుని ఏటా పది లక్షలకు పైగా వాహన ప్రమాదాలు జరుగుతుంటాయి. ఇళ్ల మధ్య తుపాకీ పేల్చడం కుదరదు కాబట్టి కొన్ని పట్టణాలు, కౌంటీలు జింకల సంఖ్య తగ్గించే పని విలుకాళ్లకు అప్పగిస్తున్నాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలోనూ అలాంటి కార్యక్రమం ఉంది.

అయితే విల్లు కొనుక్కుని నేరుగా అడవిలోకి వెళ్తానంటే కుదరదు. లైసెన్సు కావాలి. కొత్తగా వచ్చేవాళ్లకు చాలాచోట్ల వేట శిక్షణ తప్పనిసరి. న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో విల్లువేటకు విడిగా మరో కోర్సు పాసవ్వాలి. ఎన్ని జింకల్ని వేటాడవచ్చు, ఏ వేళల్లో వేటాడాలి, విల్లు బలం ఎంత ఉండాలి... ప్రతిదానికీ లెక్క ఉంటుంది.

చక్రాల విల్లు

సినిమాల్లో రాముడి చేతిలో చూసే విల్లుకూ ఈ వేటగాళ్ల విల్లుకూ పోలికే ఉండదు. దాని రెండు కొసలకూ చక్రాలుంటాయి. అల్లెతాడు వాటిమీదుగా అటూఇటూ తిరుగుతుంది. పేరు కాంపౌండ్ విల్లు. మిస్సోరీ రాష్ట్రానికి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ దీన్ని కనిపెట్టి 1966లో పేటెంటుకు దరఖాస్తు చేస్తే 1969లో వచ్చింది.

దీని కిటుకంతా ఆ చక్రాల్లోనే ఉంది. మామూలు విల్లును లాగేకొద్దీ బరువు పెరుగుతుంది. చివరిదాకా లాగి పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. కాంపౌండ్ విల్లులో చక్రాలు గుండ్రంగా కాకుండా ఓ పక్కకు ఒరిగి ఉంటాయి. సగం లాగేదాకా బరువు ఉంటుంది. ఆపైన చక్రం మలుపు తిరగ్గానే చప్పున తేలికైపోతుంది. 60 పౌండ్ల విల్లే అనుకుందాం. అంటే సుమారు 27 కిలోలు. లాగేటప్పుడు ఆ బరువంతా చేతికి తెలుస్తుంది. చివర్లో పట్టుకుని నిలబడటానికి మాత్రం అయిదారు కిలోల బలం చాలు. దాంతో తొందరపడి వదిలెయ్యాల్సిన పనిలేదు. జింక సరైన కోణంలోకి తిరిగేదాకా ఆగొచ్చు. తిరక్కపోతే మెల్లగా తాడు దించేయొచ్చు.

బాణాలు కార్బన్‌వో, అల్యూమినియంవో. సాధన చేసేటప్పుడు మొద్దుగా ఉండే ములికి పెడతారు. వేటకు వాడేది వేరు. రెండు మూడు బ్లేడ్లుండే వెడల్పాటి ములికి... షేవింగ్ బ్లేడంత పదును. తూటాకూ బాణానికీ తేడా ఇక్కడే. తూటా తన దెబ్బ తీవ్రతతోనే చాలావరకు పడగొడుతుంది. బాణానికి అంత శక్తి ఉండదు. అది రక్తనాళాల్నీ ఊపిరితిత్తుల్నీ కోసుకుంటూ పోవాలి. కాబట్టి ములికి మొద్దుబారితే జంతువుకు నరకమే. చాలా రాష్ట్రాల్లో వేట విల్లుకు కనీసం 35, 40 పౌండ్ల బలం ఉండాలని నిబంధన పెట్టింది కూడా అందుకే.

వేగం సంగతికొస్తే ఈ బాణం గంటకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్తుంది. చాలా ఎక్కువ అనిపిస్తుంది కదా! కానీ శబ్దం అంతకు నాలుగు రెట్ల వేగంతో వెళ్తుంది. 30 గజాల దూరంలో ఉన్న జింకను బాణం చేరడానికి సెకనులో మూడోవంతు పడుతుంది. అల్లెతాడు ‘టక్’మన్న చప్పుడు అంతకుముందే దాని చెవిన పడుతుంది. ఉలిక్కిపడ్డ జింక దూకడానికి ముందు కాళ్లు మడిచి కిందికి కుంగుతుంది. అంతే... ఊపిరితిత్తులకు తగలాల్సిన బాణం వీపు మీదుగా వెళ్లిపోతుంది. లేదంటే తగలకూడని చోట తగులుతుంది. అనుభవజ్ఞులు 20, 30 గజాల లోపే వేస్తారు. ‘అంతకన్నా దూరం నుంచి కూడా కొట్టగలను’ అనేది మైదానంలో గొప్పే. అడవిలో అట్టముక్క కదలదు, జింక కదులుతుంది.

గాలి ఎటు వీస్తోంది?

తుపాకీతో అయితే వందల గజాల దూరం నుంచి వేటాడొచ్చు. విల్లుతో జింకకు మన కచేరీ సావిట్లో ఆ మూలకూ ఈ మూలకూ ఉన్నంత దూరంలోకి వెళ్లాలి. అది కూడా దానికి తెలియకుండా. విల్లువేటలో నిజమైన కష్టం ఇదే.

జింక కళ్లను ఏమార్చొచ్చు, చెవుల్నీ కొంతవరకు ఏమార్చొచ్చు. ముక్కును మాత్రం ఏమార్చలేరు. మనిషి వాసన తగిలిందా... ఇక ఆ చాయలకు రాదు. అందుకే వేటగాడు ముందుగా చూసేది గాలి ఎటు వీస్తోందనే. జింక వచ్చే దారి నుంచి తన వైపు గాలి రావాలి. చిన్న సీసాలో మెత్తటి పొడి పెట్టుకుని కాస్త చల్లి చూస్తారు. కొండ ప్రాంతాల్లో ఇంకో లెక్క ఉంది. ఎండ పడగానే గాలి వేడెక్కి పైకి లేస్తుంది. సాయంత్రం చల్లబడి లోయలోకి దిగుతుంది. ఉదయం కూర్చున్న చోటే సాయంత్రం కూర్చుంటే వాసన జింకల మధ్యకే పోతుంది. గాలి తిరిగిందని తెలిశాక కూడా అక్కడే ఉండేవాడు మంచి వేటగాడు కాదు.

పద్ధతులు మూడు నాలుగున్నాయి. ఒకటి మాటు వేయడం. జింకలు మేతకు వచ్చే దారి, నీళ్లకు వెళ్లే దారి, పడుకునే చోటు ముందే గమనించి, ఆ దారిలో చెట్టు మీద కూర్చుని ఎదురుచూడటం. ఎక్కువమంది చేసేది ఇదే. రెండోది నేలమీద చిన్న గుడారం లాంటి చాటులో కూర్చోవడం. పిల్లలకు నేర్పేవాళ్లు, చెట్టెక్కలేనివాళ్లు దీన్ని ఇష్టపడతారు. మూడోది దూరం నుంచి బైనాక్యులర్‌తో జంతువును చూసి, పొదల చాటున పాకుతూ దగ్గరికి చేరడం. చెట్లు తక్కువగా ఉండే పడమటి రాష్ట్రాల్లో ఇలా చేస్తారు. గంటల తరబడి పాకి, చివరి పది గజాల్లో ఎండుపుల్ల విరిగితే... ఆరోజుకు అంతే. నాలుగోది అడవిలో అడుగు తీసి అడుగేస్తూ, ఆగుతూ, చూస్తూ నడవడం. పేరుకు తేలికే గానీ అన్నిటికన్నా కష్టం.

నవంబరులో జింకలు జతకట్టే కాలం. మగజింకలు ఒళ్లు తెలియకుండా తిరుగుతాయి. అప్పుడు రెండు కొమ్ముల్ని టకటకా కొట్టి, పోట్లాడుకుంటున్న మగజింకల్లా భ్రమింపజేసి రప్పిస్తారు.

వేయాలా... వద్దా?

జింక వచ్చింది. ఇరవై గజాల్లో ఉంది. ఇక వేసేయడమేనా? కాదు. శిక్షణలో జింక బొమ్మలు పెట్టి ఎక్కువసేపు నేర్పేది ఈ ఒక్క విషయమే.

జింక అడ్డంగా నిలబడి ఉంటే వేయొచ్చు. ముందుకాలి వెనకభాగంలో, ఒంట్లో కింది మూడోవంతు ఎత్తున రెండు ఊపిరితిత్తులూ దొరుకుతాయి. కాస్త అవతలికి తిరిగి ఉన్నా మంచిదే. అప్పుడు అవతలి ముందుకాలిని గురి చేసుకుంటారు. ఎదురుగా నిలబడి చూస్తుంటే వేయకూడదు. రొమ్ము ఎముక అడ్డొస్తుంది. వెనక నుంచి వేయకూడదు. తలకు వేయకూడదు. సరిగ్గా చెట్టు కిందే ఉన్నా వేయకూడదు. పై నుంచి చూస్తే ఒక ఊపిరితిత్తే అందుతుంది, మధ్యలో వెన్నెముక ఉంటుంది. పరిగెడుతుంటే వద్దు. మధ్యలో చిన్న కొమ్మ అడ్డం ఉన్నా వద్దు, బాణం పక్కకు పోతుంది. వెనక మరో జింక ఉంటే వద్దు. బాణం ఒకదాన్ని దాటుకుని రెండోదానికి తగలొచ్చు. వెనక కొండకొమ్ము, దానిమీద ఆకాశం తప్ప ఏమీ కనిపించకపోతే అసలే వద్దు. అవతలి వాలులో ఎవరున్నారో ఎవరికి తెలుసు?

ఈ ‘వద్దు’లన్నీ లెక్కేసుకుంటే మిగిలేవి రెండే రెండు. రెండిట్లో ఒక్కటీ దొరక్క సీజనంతా చలిలో కూర్చుని ఖాళీ చేతులతో ఇంటికెళ్లేవాళ్లు బోలెడంతమంది. దాన్ని నామోషీగా ఎవరూ అనుకోరు. వదిలిన బాణం, జారిన మాట వెనక్కిరావని మన పెద్దలు ఊరికే అన్నారా!

ఆ తర్వాత అరగంట

బాణం తగిలింది. జింక పరుగుతీసింది. వెంటపడాలనిపిస్తుంది. అదే చేయకూడని పని. రెండు ఊపిరితిత్తులకూ తగిలితే అది మామూలుగా కొద్ది క్షణాల్లోనే, వంద గజాల లోపే కూలిపోతుంది. తరిమితే భయంతో చావుబతుకుల మధ్యే మైళ్లు పరిగెడుతుంది. కాబట్టి కనీసం అరగంట కదలకుండా కూర్చోవాలి. చివరిసారి ఏ చెట్టు దగ్గర కనిపించిందో గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత కిందికి దిగి బాణం వెతకాలి. కథంతా దానిమీదే రాసి ఉంటుంది. నురుగుతో కూడిన గులాబీరంగు నెత్తురయితే ఊపిరితిత్తులు. ముదురు ఎరుపయితే కాలేయం... మూడు నాలుగు గంటలు ఆగాలి. ఆకుపచ్చగా, దుర్వాసనతో ఉంటే పొట్టలో తగిలినట్టు. ఎనిమిది గంటలకు పైగా, ఒక్కోసారి తెల్లవారేదాకా ఆగాలి. నెత్తుటి చుక్క కనిపించిన ప్రతిచోటా గుర్తుకు కాగితం ముక్క కట్టుకుంటూ వెళ్తారు. దారి తప్పితే చాలా రాష్ట్రాల్లో శిక్షణ ఉన్న కుక్కల సాయం తీసుకోవచ్చు. గాయపడిన జంతువును వెతక్కుండా వదిలేసి వెళ్లడం వేటగాళ్లలో పెద్ద తప్పు కింద లెక్క.

అసలు ప్రమాదం పై నుంచే!

ఇంత పదునైన ఆయుధంతో తిరిగేవాళ్లకు దేనివల్ల ఎక్కువ దెబ్బలు తగులుతాయి? బాణాలవల్ల అనుకుంటాం. కాదు... చెట్టు మీంచి పడటంవల్ల!

జొన్నచేలో పిట్టల్ని తోలడానికి మన రైతులు మంచె వేస్తారు కదా. అమెరికా వేటగాళ్లు చెట్టుకు కట్టుకునే ట్రీ స్టాండూ అలాంటిదే. చిన్న ఇనుప మంచె. 15 నుంచి 20 అడుగుల ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తున ఉంటే జింక కంటపడరు, వాసనా తక్కువ తగులుతుంది. ఇంకో లాభం... బాణం నేలవైపే వెళ్తుంది. గురితప్పినా మట్టిలో దిగబడుతుంది తప్ప దూరంగా వెళ్లి ఎవరికీ తగలదు. కానీ ఆ మంచే వేటగాడి పాలిట యముడవుతుంది. చీకట్లో ఎక్కుతారు, చీకట్లో దిగుతారు. మంచుకు మెట్లు జారతాయి. దళసరి బూట్లు. గంటల తరబడి కూర్చుని కాళ్లు తిమ్మిరెక్కుతాయి. నిరుటి నుంచి చెట్టుకే ఉన్న పట్టీలు ఎండకూ వానకూ చివికి ఉంటాయి. వెన్నెముక విరిగి జీవితాంతం చక్రాల కుర్చీకి పరిమితమైనవాళ్లున్నారు. ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు.

దీనికి మందు ఒకటే. భుజాలు, ఛాతీ, తొడలు కలిపి పట్టుకునే హార్నెస్. నడుముకు మాత్రమే కట్టుకునే పాతకాలపు బెల్టులు పనికిరావు. పడినప్పుడు పొట్ట దగ్గర బిగుసుకుని ఊపిరాడకుండా చేస్తాయి. చాలామంది చేసే పొరపాటేంటంటే... పైకెక్కి కూర్చున్నాక హార్నెస్ తగిలించుకుంటారు. పడేది ఎక్కువగా ఎక్కుతూ దిగుతూ ఉన్నప్పుడే. అందుకే కింది నుంచి మంచె దాకా ఓ తాడు వేలాడదీసి, నేల మీద ఉండగానే దానికి తగిలించుకోవాలంటారు. తాడుకున్న ముడి మనతోపాటు పైకి జరుగుతుంది. జారితే బిగుస్తుంది.

ఎక్కేటప్పుడు రెండు చేతులూ ఒక కాలూ, లేదంటే రెండు కాళ్లూ ఒక చెయ్యీ... ఎప్పుడూ మూడు ఆధారాలు ఉండాలి. విల్లు చేత్తో పట్టుకుని ఎక్కకూడదు. పైకెళ్లి కూర్చున్నాక తాడుతో లాక్కోవాలి. ఒకవేళ హార్నెస్‌తో వేలాడాల్సి వస్తే? ఊపిరి పీల్చుకుని ‘బతికాం’ అనుకోవడానికి లేదు. తొడల దగ్గర పట్టీలు బిగుసుకుని కాళ్లలో నెత్తురు నిలిచిపోతుంది. అలాగే ఉండిపోతే అదే ప్రాణాంతకం. అందుకని కాలు పెట్టి నిలబడటానికి వీలుగా ఓ పట్టీ హార్నెస్‌తోపాటే ఇస్తారు. ఫోన్, విజిల్ చేతికందే జేబులో ఉండాలి. ఏ చెట్టు మీద కూర్చుంటున్నదీ, ఎన్నింటికి వచ్చేదీ ఇంట్లోవాళ్లకు చెప్పి వెళ్లాలి. ఆ ఒక్కమాట చెప్పనందుకే రాత్రంతా చెట్టు కింద పడి ఉండాల్సిన పరిస్థితి రావచ్చు.

చేతిలో ఉన్నది బొమ్మ కాదు

విల్లుకూ దాని ప్రమాదాలు దానికున్నాయి. బాణం పెట్టకుండా తాడు లాగి వదిలేయడం అన్నిటికన్నా ప్రమాదకరం. బాణానికి పోవాల్సిన శక్తంతా విల్లులోనే పేలుతుంది. కొసలు విరుగుతాయి, చక్రాలు వంగుతాయి, తెగిన తాడు మొహాన తగులుతుంది. షాపుల్లో కొత్తవాళ్లు సరదాకి లాగి చూసేది కూడా ఇలాగే.

కార్బన్ బాణాన్ని ప్రతిసారీ వేసేముందు కాస్త వంచి చూడాలి. చిటపటమన్నా, సన్నటి చీలిక కనిపించినా పక్కన పడేయాలి. పగిలిన బాణం వదిలితే ముక్కలై విల్లు పట్టిన చేతిలోనే దిగుతుంది. వేట ములికిని వేళ్లతో బిగించకూడదు. దానికి ప్రత్యేకమైన రెంచి ఉంటుంది. నడిచేటప్పుడు బాణాలు మూత ఉన్న పొదిలోనే ఉండాలి. బాణం ఎక్కుపెట్టుకుని నడిచి, తట్టుకుని పడి, తన బాణం తనకే గుచ్చుకున్న సంఘటనలున్నాయి. ఇక ‘ఎంత ఎత్తు వెళ్తుందో చూద్దాం’ అని ఆకాశంలోకి వేయడం... పైకెళ్లింది ఎక్కడో ఒకచోట దిగాలి కదా!

గురితప్పితే బాధ ఎవరిది?

ఎన్ని జాగ్రత్తలు చెప్పినా విల్లువేటను తప్పుపట్టేవాళ్లు తక్కువేం కాదు. తూటాతో పోలిస్తే బాణంతో గాయపడి తప్పించుకుపోయే జంతువులు ఎక్కువని జంతుప్రేమికుల వాదన. బ్రిటన్‌లో విల్లుతో జింకల్ని వేటాడటం నిషేధం. డెన్మార్క్ లాంటి దేశాలు పరీక్షలు పెట్టి, నెగ్గినవాళ్లకే అనుమతిస్తాయి. అమెరికా విలుకాళ్లు కూడా గాయపడి తప్పించుకునేవి ఉంటాయని కాదనరు. అందుకే శిక్షణ, అందుకే దూరం హద్దులు అంటారు. పైగా తాము కొనే ప్రతి విల్లు మీదా ఉత్పత్తిదారు 11 శాతం పన్ను కడతాడనీ, అది వన్యప్రాణుల సంరక్షణకూ శిక్షణకూ వెళ్తుందనీ గుర్తుచేస్తారు. నిజమే. 1937 చట్టంతో వన్యప్రాణుల సంరక్షణకు మళ్లించిన తుపాకుల పన్నును 1972లో చేసిన చట్ట సవరణతో విల్లంబులకూ వర్తింపజేశారు. అయితే ఆ డబ్బుతో గాయపడిన జింక బాధ తీరదన్నదీ నిజమే. అందుకే ఈ వాదన ఇప్పటికీ తెగలేదు.

మన గీత వేరు

యాదృచ్ఛికమే గానీ విశేషం. అమెరికా విల్లంబుల మీద పన్ను చట్టం చేసిన 1972లోనే మనదేశం వన్యప్రాణి సంరక్షణ చట్టం తెచ్చింది. అక్కడ వేటకు నియమాలు పెట్టారు. ఇక్కడ ఆ చట్టానికి తర్వాత చేసిన సవరణతో వేటనే నిషేధించారు. చంపితేనే కాదు, చంపడానికి ప్రయత్నించినా, ఉచ్చు పెట్టినా ఆ చట్టం ప్రకారం వేటే. విల్లయినా తుపాకీ అయినా ఒకటే. మనిషి ప్రాణానికి ముప్పుగా మారిన జంతువు విషయంలో కూడా అధికారుల అనుమతి ఉండాల్సిందే.

తరతరాలుగా వెదురు విల్లుతో నల్లమలలో బతికిన చెంచులకూ మినహాయింపు లేదు. ఆదివాసీలకు అడవిపై హక్కులిచ్చిన 2006 చట్టం కూడా సంప్రదాయ వేటహక్కును పక్కనపెట్టింది. చెంచుల విద్య మాత్రం వృథా పోలేదు. అడుగుజాడ చూసి ఏ జంతువు ఎటు వెళ్లిందో చెప్పగల చెంచు యువకులు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో అటవీశాఖకు కాపలాదారులుగా పనిచేస్తున్నారు. ఒకప్పుడు వేటకు పనికొచ్చిన చూపే ఇప్పుడు పులికి కాపలా.

వేటగాళ్ల కోసం పుట్టిన చక్రాల విల్లు కూడా మన దగ్గర దారి మార్చుకుంది. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ చేతిలో ఉండేది ఆ కాంపౌండ్ విల్లే. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో దాంతోనే మూడు స్వర్ణాలు గెలిచింది. 2028 లాస్‌ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ మొదటిసారి పెడుతున్నారు. జింక లేదు, నెత్తురు లేదు... గురి మాత్రం అదే.

ఇంకోమాట కూడా చెప్పుకోవాలి. పంటను కాపాడుకోవడానికి అడవి పందుల కోసం మన పొలాల గట్లకు కరెంటు తీగలు కడుతున్నారు. అది నేరం. అంతకన్నా ముందు అది గుడ్డి వేట. ఆ తీగకు పంది ఏదో మనిషి ఏదో తెలియదు. రాత్రిపూట నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతులే వాటికి బలైపోతున్నారు. సరయూ ఒడ్డున దశరథుడు చేసిన తప్పునే మనం తీగ రూపంలో గట్టు మీద కట్టి వస్తున్నాం.

నారింజ రంగు చొక్కా

అమెరికాలో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లే తల్లిదండ్రులకు పొద్దున్నే నడక అలవాటు. సెప్టెంబరు నుంచి జనవరి మధ్య అడవి దారుల్లోకి వెళ్లేముందు అక్కడ వేటకు అనుమతి ఉందేమో పిల్లల్ని అడగండి. దారి మొదట్లో ఉండే బోర్డు చదవండి. మెరిసే నారింజ రంగు చొక్కాగానీ టోపీగానీ వేసుకోండి. జింక కళ్లు ఆ రంగును మనలా గుర్తించలేవు, వేటగాడి కళ్లు దూరం నుంచే గుర్తిస్తాయి. తెల్ల చేతిరుమాలు, తెల్ల శాలువా ఊపుకుంటూ పొదల్లో తిరగొద్దు. తెల్లతోక అనుకునే ప్రమాదం ఉంది. దారి వదలొద్దు. చెట్టు మీద మనిషి కనిపిస్తే కంగారుపడకుండా మాట వినిపించేలా పలకరించి పక్కకు వెళ్లిపోతే చాలు.

ఇక్కడ మన పిల్లల సంగతి. పండగలకూ తిరునాళ్లకూ వెదురు విల్లంబులు కొనిస్తాం. చీపురుపుల్లే కదా అనుకుంటాం. కన్ను పోవడానికి చీపురుపుల్ల చాలు. బాణం కొసకు మెత్తటి రబ్బరు ముక్క ఉండాలి. గురికి అట్టపెట్టె పెట్టాలి తప్ప తమ్ముణ్ని నిలబెట్టకూడదు. వేసేవాళ్లంతా ఒకే వరసలో ఉండాలి. అందరూ విల్లు కింద పెట్టాకే బాణాలు ఏరుకోవడానికి వెళ్లాలి. అకాడమీల్లో కోచ్‌లు విజిల్ వేసి మరీ పాటింపజేసే నియమం ఇదే.

పిల్లాడు విల్లు పూర్తిగా లాగాడు. ఎదురుగా ఎవరో అడ్డొచ్చారు. తాడు వదలకుండా మెల్లగా వెనక్కి దించాడు. ఆరోజు వాడికి విలువిద్య వచ్చినట్టే. గురికి తగిలిందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి!

ఎక్కేముందు... ఎక్కుపెట్టేముందు

* హార్నెస్ కుట్లు, పట్టీలు చూసుకోవాలి. తయారీదారు ఇచ్చిన గడువు దాటితే కొత్తది కొనాలి.

* మంచె పట్టీలను ఏడాదంతా చెట్టుకే వదిలేయకూడదు. సీజన్ మొదట్లో పగటిపూట ఒకసారి ఎక్కి పరీక్షించాలి.

* నేల మీద ఉండగానే తాడుకు తగిలించుకోవాలి. దిగి కాళ్లు నేలకు ఆనాకే విప్పాలి.

* విల్లును తాడుతోనే పైకి లాక్కోవాలి, తాడుతోనే కిందికి దించాలి.

* తాడు, చక్రాలు, కొసలు రోజూ చూసుకోవాలి. పీచు లేచిన తాడు వాడకూడదు.

* మద్యం తాగి, నిద్రమత్తు కలిగించే మందులు వేసుకుని చెట్టెక్కకూడదు.

* తోటి వేటగాడు కనిపిస్తే చెయ్యి ఊపడం, జింకలా కూత పెట్టడం వద్దు. గట్టిగా మాట్లాడాలి.

* జంతువు పూర్తిగా కనిపించాలి. దాని వెనక ఏముందో కనిపించాలి. రెండిట్లో ఏ ఒక్కటి తెలియకపోయినా తాడు దించేయాలి.